మొదటి డీఎస్‌ఎల్‌ఆర్ ఎంపిక: కంపెనీ పేరును ఎంతవరకు నమ్మవచ్చు?

కెమెరా దుకాణంలో తొలిసారి డీఎస్‌ఎల్‌ఆర్ (లోపలి అద్దం ద్వారా దృశ్యాన్ని చూస్తూ తీసే, లెన్సులు మార్చుకోగల కెమెరా) కొనడానికి వచ్చినవారి నోట ముందుగా వచ్చే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: కెనాన్ తీసుకోవాలా, నికాన్ తీసుకోవాలా? దాని వెనకే ఏది ఎక్కువకాలం మన్నుతుందన్న రెండో ప్రశ్న వస్తుంది. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో అడిగినా, విజయవాడలోనో విశాఖలోనో అడిగినా, సమాధానం చెప్పేవారిని బట్టి మారిపోతుంది. పెళ్లిళ్లు తీసే ఫొటోగ్రాఫర్ తన చేతిలో ఉన్న కంపెనీనే మెచ్చుకుంటాడు. దుకాణదారు తన దగ్గర స్టాకున్న మోడల్‌ను చూపిస్తాడు. బంధువుల్లో ఎవరి కెమెరా అయినా పాడై ఉంటే ఆ కంపెనీ జోలికే వెళ్లవద్దని వారు గట్టిగా చెబుతారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, కానీ ఒక్కొక్కరిదీ ఒకటి రెండు కెమెరాల అనుభవం. ఆ కొద్దిపాటి అనుభవంతో, లక్షల సంఖ్యలో కెమెరాలు తయారుచేసే సంస్థ మీద తీర్పు చెప్పడం కుదరదు.

ఇక్కడ ముందే ఒప్పుకోవలసిన చిక్కు ఒకటుంది. తాము అమ్మిన కెమెరాల్లో నూటికి ఎన్ని మరమ్మతుకు తిరిగివస్తున్నాయో కంపెనీలు మోడల్ వారీగా ప్రజల ముందు పెట్టవు. దాంతో బయట వినిపించే ఫిర్యాదులనే కొలమానంగా తీసుకోవడం అలవాటైపోయింది. ఎక్కువ అమ్ముడయ్యే మోడల్ మీద ఫిర్యాదులు కూడా ఎక్కువే వస్తాయి. కొద్దిమంది మాత్రమే కొన్న మోడల్ మీద ఫిర్యాదు వినపడకపోతే అది గట్టిదని అర్థం కాదు. కాబట్టి ‘ఈ కంపెనీ నమ్మదగినది’ అన్న మాటను విడదీసి చూడాలి. అందులో బాడీ, అంటే లెన్స్ కాక మిగతా కెమెరా, ఎంత తరచుగా చెడిపోతుందన్నది ఒక ప్రశ్న. చెడిపోతే దగ్గరలో బాగుచేసేవారున్నారా అన్నది మరో ప్రశ్న. అయిదారేళ్ల తర్వాత ఆ బాడీకి సరిపడే లెన్సులు, బ్యాటరీలు దొరుకుతాయా అన్నది ఇంకో ప్రశ్న. చాలామంది మొదటిదాని గురించే గంటలకొద్దీ వాదించుకుంటారు. డబ్బు పోయేది మాత్రం ఎక్కువగా మిగతా రెండింటి దగ్గరే.

లోపాల చరిత్ర చూస్తే మచ్చలేని కంపెనీ కనిపించదు. 2005 అక్టోబరులో, సోనీ తయారుచేసిన కొన్ని సీసీడీ సెన్సార్లు (వెలుతురును ఫొటోగా మార్చే చిప్‌లు) వేడికీ తేమకూ లోపలి అతుకులు వదిలి పనిచేయడం మానేస్తున్నాయని బయటపడింది. ఆ సెన్సార్లు సోనీ సొంత కెమెరాల్లోనే కాదు, కెనాన్, నికాన్, ఫుజీ, ఒలింపస్, కోనికా మినోల్టా సంస్థల కెమెరాల్లో కూడా ఉన్నాయి. ఫలితంగా ఆ కంపెనీలన్నీ ఒకదాని తర్వాత ఒకటి ప్రకటనలు ఇచ్చుకోవలసి వచ్చింది. కొన్నవారి దృష్టిలో అవి వేరువేరు కంపెనీల కెమెరాలు, లోపల మాత్రం చెడిన భాగం ఒకే ఫ్యాక్టరీది. నేటికీ నికాన్ కెమెరాల్లో చాలావాటికి సెన్సార్లు సోనీ నుంచే వస్తాయి. బాడీ ముందుభాగంలో చెక్కిన పేరు, లోపలి ప్రతి భాగానికీ పూచీ అనుకోవడం ఎంత పొరపాటో ఈ ఒక్క ఉదంతం చెబుతుంది.

కెనాన్ 2012లో విడుదల చేసిన ఈఓఎస్ 650డీ అచ్చంగా కొత్తగా నేర్చుకునేవారి కోసం తెచ్చిన తరగతిలోనిదే. మరుసటి ఏడాది, కొన్ని కెమెరాలకు చేతిపట్టు దగ్గరున్న నల్లటి రబ్బరు తెల్లబడుతోందని, ఆ తెలుపు చేతికి అంటితే కొందరికి చర్మంపై అలర్జీ రావచ్చని కెనాన్ స్వయంగా ప్రకటించి, ఆ రబ్బరును ఉచితంగా మార్చి ఇచ్చింది. పెంటాక్స్ వాడేవారికి కే-30, కే-50 మోడళ్ల అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురును రానిచ్చే రంధ్రం) సమస్య బాగా తెలుసు. అపెర్చర్‌ను కదిలించే చిన్న విద్యుదయస్కాంత భాగం మొరాయించి, ఫొటోలు నల్లగా పడటం మొదలవుతుంది. కొన్నాళ్లు వాడకుండా పక్కన పెట్టిన కెమెరాల్లో ఇది మరీ కనిపించేది. ఇదే పెంటాక్స్, ధరకు మించి గట్టి బాడీ ఇస్తుందన్న పేరు కూడా తెచ్చుకుంది. ఆ రెండు మాటలూ నిజమే.

నికాన్ డీ600 కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే కంపెనీని నమ్మడమంటే ఏమిటో అది బాగా చూపిస్తుంది. 2012 సెప్టెంబరులో వచ్చిన ఈ కెమెరా ప్రవేశస్థాయిది కాదు, ఫుల్‌ఫ్రేమ్ (పాత 35 ఎంఎం ఫిల్మ్ అంత పెద్ద సెన్సార్ ఉన్న) కెమెరాల్లో కాస్త తక్కువ ధరకు దొరికే మోడల్. కొన్న కొద్ది నెలలకే ఫొటోల పై భాగంలో, ఎడమవైపు మూలన చిన్న చిన్న మచ్చలు కనిపిస్తున్నాయని వాడకందారులు చెప్పసాగారు. మామూలు ఫొటోలో అవి తేలిగ్గా కంటపడవు. అపెర్చర్‌ను ఎఫ్/16కు తగ్గించి (ఈ సంఖ్య పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), మబ్బుల్లేని ఆకాశాన్ని తీసి, ఆ ఫొటోను కంప్యూటర్‌లో పూర్తి పరిమాణానికి పెంచి చూస్తే, నీలం మీద ఆవగింజలు చల్లినట్టు నల్లచుక్కలు బయటపడతాయి. 2013 ఫిబ్రవరిలో నికాన్ ఒక సూచన విడుదల చేసి, సెన్సార్ మీది దుమ్మును ముందు గాలిబుడ్డితో ఊది చూడమని, పోకపోతే సర్వీస్ సెంటర్‌కు తీసుకురమ్మని చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో షట్టర్ (సెన్సార్ ముందు తెరుచుకుని మూసుకునే తెర) మార్చిన డీ610 వచ్చింది. పాత కెమెరా కొన్నవారికి అది మరింత బాధ కలిగించింది. 2014 ఫిబ్రవరికి గానీ, వారంటీ దాటినవారికి కూడా ఉచితంగా శుభ్రం చేసి, షట్టర్‌తో సహా భాగాలు మార్చి ఇస్తామన్న స్పష్టమైన హామీ రాలేదు. ఆ మార్చి 15న, వినియోగదారుల దినోత్సవం నాడు, చైనా ప్రభుత్వ టీవీ ఈ విషయాన్ని దేశమంతటికీ చూపించాక అక్కడి అధికారులు డీ600 అమ్మకాలు ఆపించారు. తప్పు జరగడం ఒక ఎత్తు, ఒప్పుకోవడానికి ఏడాదికి పైగా పట్టడం మరో ఎత్తు. చివరికి హామీ వచ్చింది గదా అన్నది కూడా నిజం. అయితే ఆ హామీ అందుకోవడానికి అధికారిక సర్వీస్ సెంటర్ అందుబాటులో ఉండాలి, కెమెరా ఆ దేశంలో సక్రమంగా అమ్మినది అయి ఉండాలి. లేకపోతే ఎంత పెద్ద కంపెనీ ఎంత ఉదారంగా ప్రకటించినా కొన్నవారి చేతికి అందేది ఏమీ ఉండదు.

మన్నిక గురించి అడిగేవారికి దుకాణాల్లో తరచుగా వినిపించే ఇంకో మాట షట్టర్ కౌంట్, అంటే షట్టర్ ఎన్నిసార్లు తెరిచి మూసుకుందన్న లెక్క. డీ3000 శ్రేణి వంటి ప్రవేశస్థాయి కెమెరాల షట్టర్‌ను లక్ష సార్లు తెరిచి మూసి పరీక్షించినట్టు నికాన్ చెబుతుంది. డీ850కి అది రెండు లక్షలు, కెనాన్ వృత్తి నిపుణుల కోసం చేసిన 1డీ ఎక్స్ మార్క్ 2కి నాలుగు లక్షలు. ఈ తేడా చూసి భయపడేవారు కాగితం మీద ఒక చిన్న లెక్క వేసుకుంటే సరిపోతుంది. నెలకు అయిదు వందల ఫొటోలు తీసే కుటుంబానికి లక్ష ఫొటోలు పూర్తవడానికి 200 నెలలు, అంటే పదహారేళ్లకు పైగా పడుతుంది. అదే కెమెరాతో పెళ్లికి రెండు వేల చొప్పున తీస్తే 50 పెళ్లిళ్లకే లక్ష పూర్తవుతుంది. ఇంట్లో వాడుకునేవారు షట్టర్ గురించి ఆలోచించనక్కరలేదు. పెళ్లిళ్లు తీసి సంపాదించాలనుకునే కుర్రవాడు మాత్రం ఆలోచించి తీరాలి. ఆ కుర్రవాడు ఆలోచించవలసిన విషయం ఇంకొకటి కూడా ఉంది. ప్రవేశస్థాయి కెమెరాల్లో మెమరీ కార్డు పెట్టే చోటు ఒక్కటే ఉంటుంది. తాళి కట్టే సమయాన కార్డు చెడిపోతే ఏ కంపెనీ పేరూ ఆ క్షణాన్ని తిరిగి తేలేదు.

ఇక మోడళ్ల సంగతి. ఇటీవలి సంవత్సరాల్లో మన దగ్గర ఈ తరగతిలో ఎక్కువగా నలిగిన పేర్లు కెనాన్ నుంచి 1500డీ, 3000డీ, 200డీ మార్క్ 2, నికాన్ నుంచి డీ3500, డీ5600. కెనాన్ ఒకే కెమెరాను దేశానికో పేరుతో అమ్ముతుందన్న సంగతి చాలామందికి తెలియదు. ఇక్కడ 1500డీ అని పిలిచేదాన్ని ఐరోపాలో 2000డీ అంటారు, అమెరికాలో రెబెల్ టీ7 అంటారు, జపాన్‌లో కిస్ ఎక్స్90 అంటారు. అమెరికా నుంచి సెలవులకు వచ్చే కొడుకో అల్లుడో తెచ్చిన రెబెల్‌ను ఏదో పై తరగతి కెమెరా అనుకుని మురిసిపోయేవారు ఉన్నారు. అది ఇక్కడ దొరికేదే. అక్కడ ధర తగ్గిందని తెప్పించుకునే ముందు ఇంకో విషయం చూసుకోవాలి: బాడీ మీద వారంటీ సాధారణంగా కొన్న దేశానికే పరిమితం. అమెరికాలో నికాన్ శాఖ అయితే అనధికార దారుల్లో దిగుమతైన కెమెరాలను చాలాకాలం డబ్బులిస్తామన్నా మరమ్మతు చేసేది కాదు. అధికారిక దిగుమతిదారు ముద్ర, బిల్లు మీద బాడీ సీరియల్ నంబర్, భారతదేశంలో చెల్లే వారంటీ కార్డు, ఈ మూడూ లేకుండా రెండు మూడు వేలు తగ్గుతుందని కొనడం వల్ల మిగిలేది అంతకంటే పెద్ద ఖర్చే.

3000డీ గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. 2018లో వచ్చిన ఈ కెమెరా సెన్సార్ 18 మెగాపిక్సెళ్లది. లెన్స్ బిగించే మౌంట్ వలయం లోహంతో కాక ప్లాస్టిక్‌తో చేసినది. కిట్ లెన్సుల (బాడీతో కలిపి అమ్మే లెన్సుల) వెనుక ప్లాస్టిక్ మౌంట్ ఉండటం మామూలే, పోతే లెన్స్ పోతుంది. బాడీ మౌంటే ప్లాస్టిక్ అయితే, రేపు బరువైన జూమ్ బిగించి రోజూ తిప్పేవారికి అక్కడే అనుమానం మొదలవుతుంది. కొన్ని వేల తేడాతో 1500డీ దొరుకుతున్నప్పుడు, అందులో 24 మెగాపిక్సెళ్ల సెన్సార్, లోహపు మౌంట్ ఉన్నప్పుడు, 3000డీని ఎంచుకోవడానికి కారణం కనిపించదు. 1500డీలో కూడా లోట్లు ఉన్నాయి. తొమ్మిది ఆటోఫోకస్ (కెమెరాయే ఫోకస్ సరిచేసుకునే) బిందువులు, సెకనుకు మూడు ఫొటోలు, ఒక ఛార్జికి సుమారు 500 ఫొటోలు అన్నవి పాత తరం లెక్కలు. అదే ఏడాది వచ్చిన నికాన్ డీ3500 సెకనుకు అయిదు తీస్తుంది, ఒక ఛార్జికి 1550 ఫొటోలని కంపెనీ చెబుతుంది. జపాన్ కెమెరా సంస్థల సంఘం పరీక్షా పద్ధతిలో ఫ్లాష్ ఉన్న కెమెరాకు సగం ఫొటోలు ఫ్లాష్‌తో తీస్తారు కాబట్టి, పగటి వెలుతురులో తీసేవారికి అంతకన్నా ఎక్కువే వస్తాయి. తెల్లవారుజామున కొల్లేటి అటపాక దగ్గర పడవెక్కి, సాయంత్రం దాకా గూడబాతులను తీసేవారికి ఈ ఒక్క తేడా చాలు. 200డీ మార్క్ 2 ఈ రెంటికంటే పై మెట్టు. తిరిగే తాకుతెర, మైకు పెట్టుకునే చోటు, తెరలో చూస్తూ తీసేటప్పుడు చురుగ్గా పనిచేసే డ్యుయల్ పిక్సెల్ ఆటోఫోకస్, ఒక ఛార్జికి 1070 ఫొటోలు ఇందులో ఉన్నాయి. ఒక్కటి మాత్రం తెలిసి కొనాలి. ఫ్లాష్ బిగించే చోట నడుమ ఉండవలసిన లోహపు బొడిపెను ఇందులో తీసేశారు. అందువల్ల స్టూడియోల్లో వాడే మామూలు చవక ట్రిగ్గర్లు (దూరంగా పెట్టిన ఫ్లాష్‌ను వెలిగించే పరికరాలు), ఇతర కంపెనీల పాత ఫ్లాష్‌లు దీనిమీద వెలగవు.

పెంటాక్స్ కే-70 ఊరించే కెమెరా. వర్షపు చినుకులను తట్టుకునే సీళ్లు, బాడీలోనే చేతివణుకును సరిచేసే ఏర్పాటు, నూరు శాతం దృశ్యాన్ని చూపే అసలైన పెంటాప్రిజం (గాజు పట్టకం) వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే చోటు), ఇవేవీ ఈ ధరలో కెనాన్, నికాన్ ఇవ్వలేదు. కాగితం మీద చూస్తే దీన్ని కాదనడం కష్టం. కానీ మన జిల్లా కేంద్రాల్లో పెంటాక్స్ లెన్స్ అడిగితే చూపించే దుకాణం దొరకడం అరుదు, మరమ్మతు మాట అంతకంటే కష్టం. గట్టి కెమెరా వేరు, అండ ఉన్న కెమెరా వేరు. తొలిసారి కొనేవారికి రెండోదే ముఖ్యం.

ఇంతవరకు చెప్పినదంతా బాడీ గురించి. అసలు దీర్ఘకాలపు నమ్మకం లెన్స్ మౌంట్ మీద ఆధారపడి ఉంటుంది, ఎందుకంటే బాడీలు మారతాయి, లెన్సులు మిగులుతాయి. ఇక్కడ చరిత్ర కంపెనీల మంచి పేరును పెద్దగా లెక్కచేయలేదు. మినోల్టా 1985లో ఆటోఫోకస్‌తో తెచ్చిన ఏ-మౌంట్ ఆ రోజుల్లో అందరికంటే ముందున్న ఏర్పాటు. ఆ సంస్థ కోనికాతో కలిసి, 2006లో కెమెరాల వ్యాపారం నుంచే తప్పుకుంది. సోనీ దాన్ని చేపట్టి కొన్నాళ్లు నడిపి, 2021 నాటికి ఆ మౌంట్ కెమెరాలను అమ్మకం నుంచి తొలగించింది. ఒలింపస్ ఫోర్ థర్డ్స్ డీఎస్‌ఎల్‌ఆర్‌లు 2003లో మొదలై 2010లో వచ్చిన ఈ-5తో ఆగిపోయాయి. వాటిని కొన్నవారి కెమెరాలు చెడిపోలేదు, ఇప్పటికీ పనిచేస్తున్నవి ఉన్నాయి. కొత్త బాడీ, కొత్త లెన్స్ మాత్రం రావు. కెనాన్ కూడా 1987లో ఈఎఫ్ మౌంట్ తెచ్చినప్పుడు అంతకుముందున్న ఎఫ్‌డీ లెన్సులు కొన్నవారిని దారి మధ్యలో వదిలేసింది. నికాన్ 1959 నుంచి ఎఫ్-మౌంట్‌ను కాపాడుకుంటూ వచ్చిందన్న కీర్తి నిజమే. కాకపోతే ఆ కీర్తిలో ఒక మెలిక ఉంది, దానికి బలయ్యేది ఎక్కువగా కొత్తవారే.

2006లో వచ్చిన డీ40 నుంచి నికాన్ తన చవక బాడీల్లో ఫోకస్ మోటారు తీసేసింది. డీ3500, డీ5600 కూడా అంతే. వీటి మీద ఆటోఫోకస్ పనిచేయాలంటే మోటారు లెన్స్‌లోనే ఉండాలి. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో చవకగా దొరికే 50 ఎంఎం ఎఫ్/1.8డీ లెన్స్‌ను చూసి ముచ్చటపడి కొనేవారు ఇంటికి వచ్చాక, అది బిగుస్తుంది గానీ దానంతట అది ఫోకస్ చేయదని తెలుసుకుంటారు. బాడీ చెడిపోయిందేమోనని సర్వీస్ సెంటర్‌కు పరుగెత్తేవారూ ఉంటారు. వారికి కావలసింది 35 ఎంఎం ఎఫ్/1.8జీ డీఎక్స్ లెన్స్ గానీ, 50 ఎంఎం ఎఫ్/1.8జీ గానీ. దీనికి తలకిందులుగా ఇంకో ఇబ్బంది ఉంది: కొత్త ఏఎఫ్-పీ లెన్సులు డీ3200 వంటి పాత బాడీల మీద ఫోకస్ కావు. కెనాన్ వైపు ఈ గొడవ తక్కువ. 2003లో వెయ్యి డాలర్లలోపు దొరికిన తొలి డీఎస్‌ఎల్‌ఆర్‌గా పేరుపొందిన 300డీతో మొదలైన ఈఎఫ్-ఎస్ లెన్సులు గానీ, అంతకు ముందటి ఈఎఫ్ లెన్సులు గానీ నేటి 1500డీ మీద ఆటోఫోకస్‌తో పనిచేస్తాయి. ఈఎఫ్-ఎస్ లెన్సు కెనాన్ ఫుల్‌ఫ్రేమ్ డీఎస్‌ఎల్‌ఆర్ మీద బిగుసుకోదన్నది మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు ఈ రెండు కంపెనీలూ 2018లో తెచ్చిన మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరాల) మౌంట్ల వైపు, కెనాన్ ఆర్‌ఎఫ్ వైపు, నికాన్ జెడ్ వైపు, పూర్తిగా తిరిగిపోయాయి. 2020 తర్వాత కెనాన్, నికాన్‌ల నుంచి కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ నమూనా రాలేదు. డీ3500 ఉత్పత్తి ఆగిపోయింది. పెంటాక్స్ ఒక్కటే అద్దపు కెమెరాల దారిలో నిలబడి 2021లో కే-3 మార్క్ 3 తెచ్చింది. అయితే డీఎస్‌ఎల్‌ఆర్ కొనడం ఈరోజు తెలివితక్కువ పని కాదు. దేశమంతటా లక్షలాది లెన్సులు చేతులు మారుతూ చవకగా దొరుకుతున్నాయి. కంటితో నేరుగా దృశ్యాన్ని చూస్తూ, అపెర్చర్, షట్టర్ వేగం, ఐఎస్ఓ (సెన్సార్ వెలుతురుకు స్పందించే స్థాయి) మధ్య లంకెను నేర్చుకోవడానికి ఇంతకంటే తక్కువ ఖర్చైన బడి లేదు. రేపు మిర్రర్‌లెస్‌కు మారినా కెనాన్ ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్సులు అడాప్టర్‌తో (పాత లెన్స్‌ను కొత్త మౌంట్‌కు కలిపే వలయంతో) ఆటోఫోకస్ సహా పనిచేస్తాయి. నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద మోటారున్న లెన్సులు పనిచేస్తాయి, మోటారు లేని పాత డీ రకం లెన్సులు ఇక్కడ కూడా చేత్తోనే ఫోకస్ చేసుకోవాలి. అందుకే నేడు డీఎస్‌ఎల్‌ఆర్ కొనేవారు బాడీ మీద తక్కువ, లెన్సుల మీద ఎక్కువ ఖర్చుపెట్టడం మంచిది. వీడియోయే ముఖ్యమనుకునేవారు మాత్రం మొదటే మిర్రర్‌లెస్‌కు వెళ్లడం మేలు.

లెన్స్ ఏదన్నది పనిని బట్టి తేలుతుంది. కల్యాణమండపంలో రాత్రివేళ కిట్ జూమ్‌ను 55 ఎంఎంకు పొడిగిస్తే అపెర్చర్ ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతుంది. 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ దానికి తొమ్మిది పది రెట్ల వెలుతురును లోపలికి రానిస్తుంది. కెనాన్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం తక్కువ ధరకే దొరికే లెన్స్, 1500డీతో కలిపి తీసుకుంటే ఖరీదైన బాడీ, కిట్ లెన్స్ జంట కంటే ఇంట్లో మంచి ఫొటోలు వస్తాయి. పులికాట్‌లో ఫ్లెమింగోలు, నేలపట్టులో కొంగలు తీయాలనుకుంటే 55–250 ఎంఎం గానీ 70–300 ఎంఎం గానీ జూమ్ లెన్స్ లేకుండా బయలుదేరడం వృథా ప్రయాణం.

కంపెనీలకన్నా ఎక్కువగా కెమెరాలను పాడుచేసేది మన వాతావరణం, మన అలవాట్లు. కాకినాడ, విశాఖ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల్లో వానాకాలం నాలుగు నెలలు కెమెరాను సంచిలో పెట్టి మరిచిపోతే, లెన్స్ గాజు మీద సాలెగూడులాంటి బూజు పట్టడానికి అది చాలు. మొదట్లో అది ఫొటోలో కనిపించదు. ముదిరిన తర్వాత గాజుపై పూతనే తినేస్తుంది, తుడిచినా గీతలు మిగులుతాయి. దీనికి ఏ కంపెనీ వారంటీ వర్తించదు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, రంగు మారే సిలికా జెల్ పొట్లాలు, తేమ చూపే చిన్న మీటర్ ఉంటే చాలు, తేమను 40–50 శాతం మధ్య ఉంచుకోవచ్చు. తడిసిన ఫోన్‌ను బియ్యంలో పెట్టే అలవాటుతో కెమెరాను కూడా బియ్యం డబ్బాలో పెట్టడం మంచిది కాదు, ఆ పిండిదుమ్ము జూమ్ గొట్టం సందుల్లోకి చేరుతుంది. బీరువాలో పట్టుచీరల పక్కన పెట్టడం ఇంకో పొరపాటు. కలరా ఉండలు, కర్పూరం ఉన్నచోట కెమెరా దాచవద్దని నికాన్ తన మాన్యువల్‌లోనే రాసింది. ఏసీ కారులోంచి దిగగానే సముద్రపు గాలిలో కెమెరా బయటకు తీస్తే గాజు మీద ఆవిరి పడుతుంది. సంచి జిప్పు తీయకుండా అరగంట ఆగితే ఆ బాధ ఉండదు. 1500డీ, డీ3500 రెండింటిలోనూ సెన్సార్ తనంతట తాను దుమ్ము దులుపుకునే ఏర్పాటు లేదు, కాబట్టి లెన్స్ మార్చేటప్పుడు బాడీ ముఖాన్ని కిందికి వంచి పట్టుకోవడం మొదటిరోజు నుంచే అలవాటు కావాలి.

కొత్తది కొనేవారు దుకాణంవారు ఉచితంగా ఇచ్చే మెమరీ కార్డును నమ్ముకుని ప్రయాణానికి వెళ్లకూడదు. నకిలీ కార్డు మీద 64 జీబీ అని రాసి ఉన్నా లోపల అందులో కొంతే ఉండవచ్చు, అది దాటాక తీసిన ఫొటోలు తెరిచినప్పుడు గానీ మోసం తెలియదు. ఇంటికి రాగానే కార్డును నిండా ఫైళ్లతో నింపి, అన్నీ తిరిగి తెరుచుకుంటున్నాయో లేదో చూస్తే సరి.

బడ్జెట్ కొద్దిగా పెంచుకోగలిగినవారు, ముఖ్యంగా పిల్లల వెంట పరుగెత్తుతూ వీడియో కూడా తీసేవారు, 200డీ మార్క్ 2 వైపు మొగ్గడం సబబు. కచ్చితంగా ఫొటోలకే పరిమితమయ్యేవారికి 1500డీ, 50 ఎంఎం లెన్స్ జంట చాలు. నికాన్ ఇష్టపడేవారికి ఇప్పుడు మిగిలిన మంచి దారి సెకండ్ హ్యాండ్‌లో జాగ్రత్తగా చూసుకున్న డీ3500 గానీ డీ5600 గానీ. అలా కొనేటప్పుడు బిల్లు మీది సీరియల్ నంబర్ బాడీ కింద ఉన్నదానితో సరిపోవాలి. నికాన్ ఫొటో ఫైల్‌లో షట్టర్ కౌంట్ నమోదై ఉంటుంది, అక్కడే ఒక ఫొటో తీసి చూడవచ్చు. కెనాన్‌లో అది ఫైల్‌లో కనిపించదు, సర్వీస్ సెంటర్‌లోనో తగిన సాఫ్ట్‌వేర్‌తోనో తెలుసుకోవాలి. లెన్స్ మూత బిగించి కొన్ని సెకన్లపాటు ఒక ఫొటో తీస్తే చెడిన పిక్సెళ్లు ఎర్రగానో తెల్లగానో మెరుస్తాయి. ఆకాశాన్ని ఎఫ్/16 దగ్గర తీస్తే సెన్సార్ మీద దుమ్ము బయటపడుతుంది. లెన్స్‌ను విప్పి, వెనుక నుంచి ఫోన్ టార్చ్ వేసి, ముందు గాజులోంచి ఏటవాలుగా చూడాలి. లోపల సన్నని తీగల్లాంటి గీతలు కనిపిస్తే, అమ్మేవారు ఎంత తగ్గించి ఇస్తామన్నా ఆ లెన్స్‌ను అక్కడే వదిలేసి రావాలి, ఎందుకంటే ఆ బూజు ఇంట్లో పక్కన పెట్టిన మిగతా లెన్సులకూ పాకే అవకాశం ఉంది.